ఉప్పు పట్టిన కాలమ్ గురించి చెప్పిన అమ్మాయి

ఇంటర్వ్యూలు ముగిసిన సాయంత్రం ఎంపిక గదిలో ఏం మాట్లాడుకుంటారో అభ్యర్థులు వినే అవకాశం లేదు. వింటే మాత్రం చాలామంది ఇంటర్వ్యూకు తయారయ్యే పద్ధతినే మార్చుకుంటారని నా నమ్మకం. నేను హైదరాబాదు శివార్లలోని ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో పనిచేస్తాను; పదేళ్లుగా కొత్తవాళ్లను ఎంచుకునే బల్లకు ఇవతలి వైపు కూర్చుంటున్నాను. వాక్-ఇన్ పెట్టిన ఆదివారం నలభై యాభై మంది వస్తారు. రాతపరీక్షలో వడగట్టాక పదిహేను మందో ఇరవై మందో మా ముందుకు వస్తారు. సాయంత్రం చల్లారిన టీ ముందు పెట్టుకుని మేము ముగ్గురం లెక్క తేల్చుకునే వేళ మా నోట ఒక్క పేరూ రాదు. “ఆ గళ్ల చొక్కా అబ్బాయి”, “ఆ గుంటూరు ఎమ్మెస్సీ”, “కాలమ్‌కు ఉప్పు పట్టించిన అమ్మాయి” అని మాట్లాడుకుంటాం. పేరు కాగితం మీద ఉంటుంది, మనసులో ఉండేది గుర్తు. ఏ గుర్తూ మిగల్చకుండా వెళ్లినవారి వంతు వచ్చినప్పుడు ఒకరు “ఇతనెవరండీ?” అంటారు, రెండోవారు కాగితం తిరగేసి “బాగానే చెప్పినట్టున్నాడు” అంటారు, మూడోవారు పక్క కాగితం అందుకుంటారు.

ఆ గుర్తు ఏదై ఉండాలన్నది చాలావరకు అభ్యర్థి చేతిలోనే ఉంటుంది. అయితే దాన్ని చిరునవ్వుతోనో, గట్టి కరచాలనంతోనో, కంఠతా పట్టిన పరిచయ వాక్యాలతోనో మిగల్చవచ్చని బయట జరుగుతున్న ప్రచారాన్ని నేను ఒప్పుకోను. తాను స్వయంగా చేసిన పనిలోంచి తీసిన ఒక చిన్న, నిజమైన ముక్క మాత్రమే సాయంత్రం దాకా మా మనసుల్లో నిలుస్తుంది. అభ్యర్థి మాకు నచ్చడం కూడా, మేము గమనించినా గమనించకపోయినా, ఆ ముక్కలోంచే మొదలవుతుంది.

ఆ ఉప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మూడేళ్ల కిందట శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివింది, అనుభవం లేదు, ఇంగ్లీషులో మాట్లాడటానికి ఇబ్బంది పడుతోంది, చున్నీ కొనను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. మా ప్రొడక్షన్ మేనేజరు అలవాటుగా అడిగే ప్రశ్నే అడిగారు: “నువ్వు చేసిన పనిలో తప్పు జరిగిన సందర్భం ఒకటి చెప్పమ్మా.” ఈ ప్రశ్న వినగానే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చాలామంది ఉలిక్కిపడి తమ తప్పు కానిదాన్ని వెతుక్కుంటారు. ఆమె కాసేపు ఆగి, “మా డిపార్ట్‌మెంటులో ఉన్న ఒకే ఒక్క సీ-18 కాలమ్‌ను నేను పాడుచేశాను సార్” అంది.

ఈ పని తెలియనివారి కోసం ఒక మాట. మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో కాలమ్ అంటే జానెడు పైచిలుకు పొడవుండే ఉక్కు గొట్టం. లోపల 5 మైక్రాన్ల సిలికా రేణువులు కూరి ఉంటాయి. మందులోని పదార్థాలు వాటి మధ్యగా ప్రయాణిస్తూ ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి. ఫాస్ఫేట్ బఫర్ అనే ఉప్పు ద్రావణం నడిపిన తర్వాత, నీళ్లు ఎక్కువగా కలిసిన ద్రావణంతో ముందు కడిగి, ఆ పైనే అసిటోనైట్రైల్ అనే ద్రావకం పంపాలి. నేరుగా అసిటోనైట్రైల్ పంపితే బఫర్‌లోని ఉప్పు లోపలే గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఒక శనివారం ఊరికి వెళ్లే బస్సు తప్పిపోతుందన్న తొందరలో ఆ అమ్మాయి కడగడం మానేసి, నేరుగా అసిటోనైట్రైల్ పెట్టి వెళ్లిపోయింది. సోమవారం పంపు వేస్తే 150 బార్ల దగ్గర ఉండవలసిన ప్రెషరు 380 దాటింది. “అప్పుడేం చేశావు?” అని అడిగాను. “ముందు పంపు ఆపేశాను మేడమ్. మా సార్ దగ్గరికి వెళ్లి, శనివారం నేనే కడగలేదని చెప్పాను. ఆయన తిట్టి, గోరువెచ్చటి నీళ్లు నిమిషానికి 0.2 ఎం.ఎల్. చొప్పున పంపమన్నారు. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని పావుగంటకోసారి ప్రెషరు రాసుకున్నాను. 210కి దిగింది. అంతకన్నా దిగలేదు.”

ఆ 210 దగ్గర ఆగిపోయిన మాటే ఆమెకు ఉద్యోగం తెచ్చిందని నేననుకుంటాను. కథ కట్టేవారైతే ప్రెషరును తిరిగి 150కి దింపి, కాలమ్‌ను బాగుచేసి, ప్రొఫెసరు చేత భుజం తట్టించుకునేవారు. ఈమె కాలమ్ బాగుపడలేదు. దాన్ని అలాగే, సగం దిగిన ప్రెషరుతో, మా ముందు పెట్టి ఊరుకుంది.

అది మాకెందుకంత నచ్చిందో తెలియాలంటే మా వృత్తి గుట్టు కొంత చెప్పాలి. మందుల కంపెనీ ల్యాబులో తప్పు జరగడం పెద్ద విషయం కాదు. తప్పును మాయం చేయడం పెద్ద విషయం. శాంపిల్ ఫలితం హద్దు దాటిందంటే, మేము ఓఓఎస్ అంటాం, దానికి దర్యాప్తు ఉంటుంది, ఫారాలు ఉంటాయి, పై అధికారుల ప్రశ్నలుంటాయి. అవన్నీ తప్పించుకోవడానికి ఆ ఇంజెక్షన్‌ను, అంటే యంత్రంలోకి శాంపిల్ పంపి చేసిన ఆ పరీక్ష రికార్డును, చెరిపేసి, మళ్లీ ఒకటి వేసి, నచ్చిన అంకెను మాత్రమే చూపించాలన్న ఆశ రాత్రి షిఫ్టులో ఒంటరిగా ఉన్న కుర్రాడికి కలగడం సహజం. కానీ చేసిన ప్రతి పనినీ దానంతటదే రాసుకునే యంత్రం లోపలి ఆడిట్ ట్రైల్‌లో అది నమోదై ఉంటుంది, ఎప్పుడో ఒకనాడు తనిఖీకి వచ్చినవారు దాన్ని తెరుస్తారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 చివర్లో డేటా ఇంటెగ్రిటీ మీద, అంటే రికార్డుల నిజాయితీ మీద, మార్గదర్శకాలను ఖరారు చేసింది. అంతకు ముందు నుంచీ కూడా మన దేశపు కంపెనీలకు వచ్చిన హెచ్చరిక లేఖల్లో ఈ చెరిపివేతల ప్రస్తావన పదేపదే కనిపిస్తుంది. అందువల్ల అభ్యర్థి ఎదురుగా కూర్చున్నప్పుడు మేము పైకి ఏ ప్రశ్న అడిగినా లోపల మెదిలే ప్రశ్న ఒకటే: రాత్రి రెండు గంటలకు ఏదైనా తేడా జరిగితే ఈ మనిషి నాకు ఫోన్ చేస్తాడా, లేక సర్దేస్తాడా? బ్యాంకులోనైనా, బడిలోనైనా, మాదాపూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలోనైనా ఈ ప్రశ్నకు వాళ్ల వాళ్ల రూపం ఒకటి ఉంటుంది. “మనిషి నచ్చాడు” అని మేమనేది చాలాసార్లు ఈ ప్రశ్నకు దొరికిన జవాబునే.

ఈ సంగతి నాకు పుట్టుకతో తెలిసినది కాదు. 2004లో, జీడిమెట్లలోని ఒక కంపెనీలో, నా మొదటి ఇంటర్వ్యూలో, హెచ్‌పీఎల్‌సీ మీద పనిచేశానని చెప్పాను. నిజానికి మా యూనివర్సిటీలో ఆ యంత్రం ఉన్న గదికి తాళం ఉండేది. గాజు తలుపులోంచి చూడటమే తప్ప ముట్టుకున్నది లేదు. ఎదురుగా ఉన్న పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, “అమ్మా, ఇంజెక్టర్ పిడికి లోడ్ అని ఒకటి, ఇంజెక్ట్ అని ఒకటి ఉంటాయి కదా, సిరంజిలోది లోపలికి నొక్కేటప్పుడు పిడి ఎటుండాలి?” అని చాలా మెత్తగా అడిగారు. ఒక్క రోజు ఆ యంత్రం ముందు నిలబడినవారెవరైనా నిద్రలో చెప్పగలిగే జవాబది. పిడి లోడ్ వైపు ఉండగా ద్రావణాన్ని లూపు అనే సన్నటి గొట్టంలోకి నింపి, ఆ తర్వాత టక్కున ఇంజెక్ట్ వైపు తిప్పాలి. నేను పేరును బట్టి ఊహించి, “ఇంజెక్ట్ వైపు సార్” అన్నాను. ఆయన కోప్పడలేదు, నవ్వలేదు, కళ్లద్దాలు పెట్టుకుని ఫైలు మూసి, “మంచిదమ్మా, కబురు చేస్తాం” అన్నారు. కబురు రాలేదు. ఆ సాయంత్రం ఆ గదిలో నన్నేమని పిలుచుకున్నారో ఊహించుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. “గాజు తలుపులోంచి చూశాను సార్, లోపలికి వెళ్లనివ్వలేదు, పుస్తకంలో చదివిందే తెలుసు” అని ఉంటే ఆయన బహుశా నన్ను తీసుకునేవారు కాకపోవచ్చు. కానీ మరుసటి నెల మరో చోట ఖాళీ ఉందని తెలిస్తే గుర్తుచేసుకునేవారని నేననుకుంటాను.

కోచింగుల సంగతికి వస్తాను. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ కోర్సులతో పాటు ఇంటర్వ్యూ మెలకువలు నేర్పే చోట్లు చాలా ఉన్నాయి. ఇప్పుడు అదే సరుకు ఫోన్లలో వీడియోలుగా కూడా దొరుకుతోంది. నేర్పేవారిని తప్పుపట్టను, బెరుకు పోగొట్టడం మేలైన పనే. కానీ వాటి ఫలితంగా మా ముందు కూర్చునే పదిహేను మందీ ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు. అందరూ క్విక్ లెర్నర్లే, అందరూ టీమ్ ప్లేయర్లే, బలహీనత ఏమిటంటే అందరూ ప్రతి పనీ మరీ పక్కాగా చేయాలని చూసేవారే. ముందు ఊరు, తర్వాత “మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్”, తర్వాత బలాలు, తర్వాత అలవాట్లుగా క్రికెట్టు, పాటలు వినడం. వల్లె వేసినది అప్పజెప్పేటప్పుడు కళ్లు ఎదుటివారి మీద ఉండవు. పైకప్పు మూలన ఉన్న కనపడని కాగితం మీద ఉంటాయి. పధ్నాలుగో అభ్యర్థి వచ్చేసరికి వినేవారి చెవి కూడా మూసుకుపోతుంది, ఇది మా తప్పే అయినా నిజం.

ఒకసారి ఈ అప్పగింత మధ్యలో, నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయిని, “నాన్నగారు ఏ పంట వేస్తారు?” అని అడిగాను. అతను తడబడ్డాడు, ఎందుకంటే ఆ ప్రశ్న అతని కాగితంలో లేదు. ఆ తర్వాత పైకప్పు మీది నుంచి కళ్లు దించి, తెలుగులోకి మారి, పత్తి మానేసి బత్తాయి పెట్టారనీ, కాపు రావడానికి నాలుగైదేళ్లు పడుతుందని తెలిసే పెట్టారనీ, ఈలోగా మొక్కల మధ్య ఏది వేస్తే బోరు నీళ్లు సరిపోతాయో తానే లెక్కగట్టి ఇచ్చాననీ చెప్పాడు. ఎన్ని మొక్కలు, మొక్కకు ఎన్ని లీటర్లు, బోరు గంటకు ఎంత పోస్తుంది, కరెంటు ఎన్ని గంటలుంటుంది, అన్నీ వరుసగా వచ్చాయి. అంకెలతో ఆలోచించే మనిషి ఎదురుగా ఉన్నాడని ఆ రెండు నిమిషాల్లో తెలిసింది. అంతకుముందు పది నిమిషాలు అతను అద్దెకు తెచ్చుకున్న గొంతుతో మాట్లాడాడు.

ఈ ఉదంతాన్ని చాలా రోజులు గర్వంగా చెప్పుకునేదాన్ని. తర్వాత ఒక లాయరు బంధువు అజయ్ హాసియా కేసు గురించి చెప్పాక ఆ గర్వం కొంత తగ్గింది. శ్రీనగర్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రవేశాల్లో రాతపరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకు 50 మార్కులు పెట్టారు. ఒక్కో విద్యార్థితో రెండు మూడు నిమిషాలు మాట్లాడి, తండ్రి ఏం చేస్తారు, ఎక్కడుంటారు వంటి ప్రశ్నలే అడిగి పంపారు. మొత్తంలో మూడో వంతు మార్కులు ఇలా ఇవ్వడం ఇష్టారాజ్యమేనని 1980 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 15 శాతానికి మించరాదని, వీలైతే ఇంటర్వ్యూను టేపు మీద రికార్డు చేయడం మంచిదని కూడా అంది. అంటే నేను అంత తెలివైన ప్రశ్న అనుకున్న “నాన్నగారు ఏ పంట వేస్తారు?” అన్నది, మరో మనిషి నోట మరో ఉద్దేశంతో వస్తే, కోర్టు తప్పుపట్టిన ప్రశ్నే అవుతుంది. కౌలు రైతు కొడుకుకు, భూమి లేని ఇంటి అమ్మాయికి ఆ ప్రశ్న ఎలా వినిపిస్తుందో నేను ఆలోచించలేదు. పెళ్లెప్పుడు చేసుకుంటావని ఆడపిల్లలను అడిగే పెద్దమనుషులు కూడా తమది ఆప్యాయతే అనుకుంటారు. ఇప్పుడు నేను కుటుంబం మాట ఎత్తను; “నువ్వు లెక్కగట్టి చేసిన పని ఒకటి చెప్పు, కాలేజీలోదే కానక్కర్లేదు” అంటాను. బత్తాయి తోట రావలసి ఉంటే దానంతటదే వస్తుంది.

ఆ మరుసటి ఏడాదే, 1981లో, లీలాధర్ కేసులో తెలుగువారైన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి మరో కోణం చూపించారు. రాతపరీక్ష మనిషి మేధను కొలిస్తే ఇంటర్వ్యూ ఆ మనిషినే కొలుస్తుందని, ఉద్యోగానికి తగినవారిని ఎంచడానికి రెండూ కలవాలని ఆయన అభిప్రాయం. రాజస్థాన్ న్యాయాధికారుల ఎంపికలో ఇంటర్వ్యూకు ఇచ్చిన 25 శాతం మార్కులను కోర్టు తప్పుపట్టలేదు. నేను ఆయన పక్షమే. 2016 జనవరి నుంచి కేంద్రం కింది స్థాయి పోస్టులకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది, తెలంగాణలో 2022 గ్రూప్-1 ప్రకటనలోనూ ఇంటర్వ్యూ లేదు; పలుకుబడికి దారి మూయడానికి ప్రభుత్వంలో అది అవసరమే కావచ్చు. రాత్రి షిఫ్టులో పక్కన నిలబడవలసిన మనిషిని మాత్రం కాగితం చూసి తీసుకోలేం. కానీ మనిషిని కొలిచే తక్కెడే వంకరైతే ఏం చేయాలన్నది మా వైపు ఉన్న అసలు సమస్య.

వంకర గురించి నా అనుభవమే చెబుతాను. కొన్నేళ్ల కిందట ధారాళమైన ఇంగ్లీషుతో, చక్కటి నడవడితో ఒక కుర్రాడు వచ్చాడు. మేము ముగ్గురం పది నిమిషాల్లో ఒక మాట మీదికొచ్చాం. ఆరో నెలలో అతను తూకం పుస్తకంలో నిన్నటి బరువులను ఇవాళ కూర్చుని నింపుతూ దొరికాడు. వెనక్కి తిరిగి మేమిచ్చిన మార్కుల కాగితం చూస్తే, విషయ పరిజ్ఞానానికీ, ఓపికకూ, నిజాయితీకీ కూడా అతనికి తొమ్మిదేసి మార్కులున్నాయి. నిజాయితీని తేల్చే ప్రశ్న మేమెవరమూ అడగనేలేదు. అతని ఇంగ్లీషు వెలుగు మిగతా గళ్లన్నింటి మీదా పడింది. సైన్యాధికారులు తమ కింది సైనికులకు వేసిన అంచనాల్లో ఇదే జరుగుతోందని, ఒక గుణంలో ఎక్కువ వేసినవారికి మిగతావాటిలోనూ ఎక్కువే వేస్తున్నారని థార్న్‌డైక్ అనే మనస్తత్వవేత్త 1920లోనే గమనించి, దానికి హేలో అని పేరు పెట్టాడు. దేవుడి పటంలో తల వెనక ఉండే కాంతి వలయం అన్నమాట. మన దగ్గర ఆ వలయం చాలాసార్లు ఇంగ్లీషు ఉచ్చారణ రూపంలో ఉంటుంది. మా ల్యాబులో కావలసింది ఇంగ్లీషు చదివి అర్థం చేసుకుని, చూసింది చూసినట్టు రాయడం. ధారాళంగా మాట్లాడటం ఏ ఎస్ఓపీలోనూ, అంటే పని పద్ధతి రాసిన ఏ పత్రంలోనూ, లేదు. అందుకే, తెలుగులో చెప్పమని మేమే ముందుగా అంటున్నాం.

ఆ దెబ్బతో, ఒక పాత విధానం చూసి మా పద్ధతి మార్చుకున్నాం. తర్వాతి కాలంలో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న మనస్తత్వవేత్త డేనియల్ కానమన్, 1955లో ఇరవయ్యొక్క ఏళ్ల వయసులో ఇజ్రాయెల్ సైన్యం కోసం ఒక ఇంటర్వ్యూ విధానం తయారుచేశాడు. ఆరు గుణాలు ఎంచుకుని, ఒక్కోదాని మీద జరిగిన సంగతులనే అడిగి, దానికి అక్కడికక్కడే 1 నుంచి 5 దాకా మార్కు వేసి, ఆ తర్వాతే రెండోదానికి వెళ్లాలి. తమ అంతర్‌దృష్టిని పక్కన పెట్టమన్నందుకు ఇంటర్వ్యూ చేసేవారు అలిగితే, చివర్లో కళ్లు మూసుకుని ఆ కుర్రాడిని సైనికుడిగా ఊహించుకుని ఇంకో మార్కు వేయమన్నాడు. పాత పద్ధతికన్నా ఆ ఆరు మార్కుల మొత్తం చాలా మెరుగ్గా పనిచేసింది. చిత్రమేమిటంటే కళ్లు మూసుకుని వేసిన మార్కు కూడా అంత బాగానూ పనిచేసింది. వివరాలు ముందుగా క్రమంగా సేకరించాక కలిగే ఇష్టానికి విలువుంది, గుమ్మంలోనే కలిగే ఇష్టానికి లేదు. అభ్యర్థి వైపు నుంచి చూస్తే నా వాదనకు ఇక్కడే ఆధారం దొరుకుతుంది: మాకు వివరాలు ఇచ్చినవారే, మేము కళ్లు మూసుకున్నప్పుడు కనిపిస్తారు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, మా అన్నయ్య కొడుకే నా మొహం మీద అన్నాడు. “అత్తా, నువ్వు చెప్పేది కథలు చెప్పగలిగేవాళ్లకు పనికొస్తుంది. నాలాంటి నోరులేనివాడి సంగతేమిటి? పైగా రేపటి నుంచి కోచింగుల్లో తప్పుల కథలు కూడా నేర్పుతారు.” రెండో మాట అప్పుడే నిజమైంది, ఈ మధ్య మా ముందు చెప్పే తప్పులన్నీ చివరి నిమిషంలో విజయాలైపోతున్నాయి. వాటిని పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. రెండో ప్రశ్న వేస్తే చాలు. ప్రెషరు ఎంత చూపించింది, అప్పుడు గదిలో ఇంకెవరున్నారు, ఎవరికి ముందు చెప్పావు అంటే, చేసినవారి దగ్గర ఊట ఊరుతూనే ఉంటుంది, కట్టుకథ రెండు చెంబులకే అడుగంటుతుంది. ఇక నోరులేకపోవడం గురించి: ఉప్పు పట్టిన కాలమ్ గురించి చెప్పిన అమ్మాయి మొత్తం మాట్లాడింది మూడు నిమిషాలు కూడా కాదు, మధ్యలో రెండుసార్లు మాట మింగింది. ఏం జరిగింది, నేనేం చేశాను, చివరికి ఎంత వచ్చింది అన్న మూడు ముక్కలకు వాక్చాతుర్యం అక్కర్లేదు. అయినా వాడి మాటలో నిజం పూర్తిగా లేకపోలేదని ఒప్పుకోవాలి. నోరున్నవాడికి లోకం ఎప్పుడూ ఒక మెట్టు ఎక్కువే వేస్తుంది, మా గది అందుకు మినహాయింపని నేను ప్రమాణం చేయలేను.

ఇస్త్రీ బట్టలు, వేళకు రావడం, ఫోన్ కట్టేయడం గురించి రాయడానికేమీ లేదు. తెలియని ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం ఒకటి గమనించాను. “తెలియదు మేడమ్” అని తలదించుకునేవారు మూగబోయినట్టు కనిపిస్తారు. “తెలియదు మేడమ్, కానీ నేనైతే ముందు మొబైల్ ఫేజ్ పీహెచ్ చూస్తాను” అనేవారు (మొబైల్ ఫేజ్ అంటే కాలమ్ గుండా పంపే ద్రావణం) మాతో కలిసి ఆలోచించడం మొదలుపెడతారు, అక్కడి నుంచి అది పరీక్షలా ఉండదు, ల్యాబులో ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. అలాగే చివర్లో “మీరేమైనా అడుగుతారా?” అంటే “నో మేడమ్” అని లేచిపోవడం వినయం అనుకుంటారు. ఆ రోజు ఆ అమ్మాయి, “కొత్తగా చేరినవాళ్లకు సొంతంగా శాంపిల్ అప్పగించేదాకా ఎన్నాళ్లు పడుతుంది?” అని అడిగింది. మా దగ్గర అనలిస్టుగా అర్హత పరీక్ష ఉంటుందనీ, రెండు మూడు నెలలు పట్టవచ్చనీ చెప్పాను. తల ఊపి, చున్నీ కొన వదిలేసి లేచింది.

సాయంత్రం ఆమె పేరు కోసం నేనే కాగితాలు వెతకవలసి వచ్చింది. ప్రొడక్షన్ మేనేజరుకు “ఉప్పు” అన్నది తప్ప ఇంకేమీ గుర్తులేదు, ఆ మాట చాలునన్నారు.

చేరిన అయిదో నెలలో ఒక రాత్రి ఒంటిగంట నలభైకి ఫోన్ మోగింది. “మేడమ్, సిస్టమ్ సూటబిలిటీలో టెయిలింగ్ 2 దాటింది, శాంపిల్ వేయకుండా ఆపేశాను.” శాంపిల్ వేసే ముందు యంత్రం సరిగా ఉందో లేదో చూసే పరీక్షలో తేడా వచ్చిందన్నమాట. నిద్ర చెడినందుకు విసుక్కున్నానని కూడా చెప్పాలి. లాగ్‌బుక్కులో రాశావా అని అడిగాను.

“రాశాకే చేస్తున్నాను మేడమ్. ఇంకో కాలమ్ పెట్టమంటారా, పొద్దుటిదాకా ఆగమంటారా?”

ఆగమన్నాను.